బొగ్గు మచ్చ అనుకున్నాం

మా బాపు ఎడమ బూటు ఊడొచ్చినప్పుడు అందులోంచి ఒక బొగ్గు పెళ్ళ గడప మీద పడింది. చింతగింజ కన్నా కొంచెం పెద్దది. ఒక అంచు పలుగురాయిలా వాడిగా ఉంది. మేజోడు ముందు భాగం తడిసి బొటనవేలుకు అంటుకుపోయింది.

మొదటి షిఫ్టు డ్యూటీ దిగాక బాపు నేరుగా మా ఇంటికి వచ్చేవాడు. ఆయన, మా అవ్వ ఉండే కంపెనీ క్వార్టర్ మా అద్దె ఇంటికి రెండు గల్లీల అవతలే. మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం. బాపు గడప మీద కూర్చుని కాళ్ళు చాపితే నా పెద్దపిల్ల, ఏడేళ్ళది, వెనక్కి వాలి బూట్లు లాగేది. అది వాళ్ళిద్దరి ఆట. బూటు ఊడొచ్చినప్పుడల్లా బాపు "చచ్చిన్రో" అని వెనక్కి పడినట్టు చేసేవాడు. నాలుగేళ్ళ చిన్నోడు చప్పట్లు కొట్టేవాడు.

ఆ రోజు పిల్ల చేతికి రక్తం అంటింది. "తాతా, నీ కాలు కారుతుంది" అంది.

రక్తం చూసి నేను భయపడలేదు. బొగ్గుబాయి పని చేసేవాళ్ళ ఇంట్లో పుట్టినదాన్ని, రక్తం కొత్త కాదు. తలెత్తి బాపు ముఖం చూశాను. ఆయన ఆ బొగ్గు పెళ్ళను రెండు వేళ్ళతో పట్టుకుని వింతగా చూస్తున్నాడు.

"ఇదెప్పుడు జొచ్చిందే బూట్లకు? నాకు ఎరుకనే లేదు."

పొద్దున ఏడింటికి బాయి దిగిన మనిషి. కప్పు కూలకుండా బోల్టులు వేసే గ్యాంగులో ఆయనది నిలబడి చేసే పని. ఎనిమిది గంటలు ఆ పెళ్ళ మీద నిలబడి, దాని మీదే నడిచి, మళ్ళీ పైకి ఎక్కి, బండి కిక్కు కొట్టి ఇంటికొచ్చాడు. ఎరుక లేదంటున్నాడు. నేను డిగ్రీలో జువాలజీ చదివాను. నొప్పి ఎందుకుంటుందో, ఎప్పుడు లేకుండా పోతుందో పరీక్షల్లో రాసినదాన్నే.

"దవాఖానకు పోదాం బాపూ" అనే మాట నోటి దాకా వచ్చింది. అనలేదు. ఎందుకు అనలేదో రాయడానికే ఈ కాగితాలు ముందు పెట్టుకున్నాను. పిల్లలు పడుకున్నాక తప్ప నాకు రాసుకునే సందు దొరకదు, అందుకని కొద్దికొద్దిగా రాస్తున్నాను.

*

చిన్నోడు కడుపులో ఉన్నప్పుడు నాకు షుగర్ వచ్చింది. కంపెనీ దవాఖానలో డాక్టరమ్మ తిండి ఎట్లా తినాలో, ఎంత నడవాలో చెప్పి, నెల రోజులు చూద్దాం, తగ్గకపోతే సూది మొదలుపెడదాం అన్నది. సూది మాట వినగానే నేను తిండి మీద పడ్డాను. కొర్రలు, జొన్నరొట్టె, ఆకుకూరలు, పొద్దున ముప్పావుగంట నడక. షుగర్ దారికొచ్చింది. కాన్పయ్యాక మొత్తానికే పోయింది. అది చాలామందికి అట్లనే పోతుందని డాక్టరమ్మ చెప్పింది కూడా. నేను ఆ మాట వినీ విననట్టు ఉండి, నా చేతులతో నేనే తగ్గించుకున్నానని నమ్మాను.

నమ్మకం పెరగడానికి ఫోన్ ఉండనే ఉంది. మందులు లేకుండా బతికే పద్ధతుల మీద ఒక గ్రూపులో చేరాను. రోజూ అందులో ఎవరో ఒకరు తమ గోలీల డబ్బా చెత్తబుట్టలో వేసిన ఫోటో పెట్టేవారు. కింద అందరూ దండాలు పెట్టేవారు. పొద్దున నాతో నడకకు వచ్చే ఆడవాళ్ళు నన్ను డాక్టరమ్మా అని పిలవడం మొదలుపెట్టారు, సగం ఎగతాళికే. "డాక్టరమ్మా, మా ఆయన గురక పెడతడు, దానికేమన్న కషాయం ఉన్నదా" అని ఒకామె అడిగితే, "గురకకు కాదు, నువ్వు మేల్కొని ఉన్నందుకు కషాయం తాగాలె" అని ఇంకొకామె అంది. ఎగతాళి అయినా నాకు ఆ పిలుపు బాగుండేది. చదువుకుని ఇంట్లో కూర్చున్నదానికి ఒక పని దొరికినట్టు ఉండేది.

బాపుకు షుగర్ తొమ్మిదేళ్ళ నాటిది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి గోలీ. ఒకనాడు పొద్దున గోలీ వేసుకుని, టిఫిన్ డబ్బా మరిచిపోయి, ఏమీ తినకుండానే బాయి దిగాడు. లోపల చెమటలు పోసి చేతులు వణికి ఒక పక్కన కూలబడ్డాడట. తోటివాళ్ళు నోట్లో చక్కెర పోశారు. షిఫ్టులో పని చూసే ఓర్మెన్ మంచివాడు, ఎక్కడా రాయలేదు. కానీ తర్వాత ఒక మాట అన్నాడు: ఇంకోసారి ఇట్లయితే పైకి పంపాల్సి వస్తుందని.

బాపుకు ఆ మాట గుచ్చుకుంది. ముప్పై మూడేళ్ళు భూమి కింద పని చేసిన మనిషి. ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. ఆరోగ్యం బాగాలేనివాళ్ళను బాయి లోపలి నుంచి తీసేసి పైన తేలిక పనికి పెడతారు. అది దయతో చేసేదే. బాపుకు మాత్రం సిగ్గు.

"పైన నేనేం చెయ్యాలె? ఆఫీసుల చాయ్ గ్లాసులు కడగాల్నా? మీ అవ్వ ఇంట్ల గిన్నెలు కడుగుమంటేనే కడగలేదు నేను."

"కడిగితే నేర్చుకునేటోనివి" అంది అవ్వ లోపలి నుంచి.

అప్పుడే ఆయన నా వైపు తిరిగి అన్నాడు, "నువ్వు సూది లేకుంట తగ్గించుకున్నవ్ గద బిడ్డా. నాకు గూడ తగ్గియ్యి."

నా బతుకులో మా బాపు నన్ను అడిగింది అదొక్కటే. చదువుకుంటానంటే చదివించాడు, పెళ్ళి చేశాడు, రెండు కాన్పులకూ దవాఖాన వరండాలో కూర్చున్నాడు. ఏనాడూ ఏమీ అడగలేదు. నేను పట్టిక గీశాను. ఏ పూట ఏం తినాలో రంగు పెన్నులతో రాసి అవ్వ వంటింటి గోడకు అంటించాను. డ్యూటీ దిగాక మా ఇంట్లో కాకరకాయ రసం, పొద్దున మెంతుల నీళ్ళు. మొదటి నెల బాపు నడుము బెల్టుకు కొత్త బెజ్జం పడింది. ప్రతి ఆదివారం పొద్దున పరగడుపున వేలు గుచ్చి మిషిన్లో చూసేదాన్ని. అంకెలు దిగుతూ వచ్చాయి. రెండో నెల రాత్రి గోలీ మానేయమన్నాను. ఇంకో పదిహేను రోజులకు పొద్దున గోలీ కూడా.

ఎవరినీ అడగలేదు. దవాఖానలో చెబుదామా అని బాపు అంటే నేనే వద్దన్నాను. ఆయనా మొండికెత్తలేదు. మందులు తీసుకోవడం మానేస్తే దవాఖాన పుస్తకంలో తెలిసిపోతుందని, నెలనెలా పోయి గోలీలు మాత్రం తెచ్చేవాడు. తెచ్చినవి తెచ్చినట్టు బిస్కెట్ల డబ్బాలో వేసి బీరువా మీద పెట్టేవాడు. దవాఖాన లెక్కలో ఆయన బుద్ధిగా మందులు మింగే మనిషి. డాక్టర్లకు తెలిసే దారి ఏదీ మేం ఉంచలేదు.

బొగ్గు పెళ్ళ పడిన రోజుకు గోలీలు మొత్తానికే మానేసి నాలుగు నెలలు. దవాఖానకు పోతే రక్తం తీస్తారు, షుగర్ చూస్తారు, గోలీల సంగతి అడుగుతారు. నడకకు వచ్చే ఆడవాళ్ళకు తెలుస్తుంది. అందుకని నా నోటి దాకా వచ్చిన మాటను మింగాను.

*

పుండు పెద్దదేమీ కాదు. బొటనవేలు కింద ఒక గీత, దాని పక్కన చిన్న గుంట. అవ్వ క్వార్టర్ గోడ వెనక నుంచి నల్లాలం ఆకు తెచ్చి అరచేతిలో నలిపి పసరు పిండింది. గాయపాకు అని కూడా అంటారు. బాపు బొగ్గు నింపే పని చేసిన రోజుల్లో బాయి నుంచి వచ్చిన ప్రతి దెబ్బకూ ఆ ఆకే. నా చిన్నప్పుడు నా మోకాళ్ళకూ అదే. మానేది కూడా. అది అబద్ధం కాదు.

మా ఆయన ఆ రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పట్టీ చూశాడు. ఆయన కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు, ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"షుగర్ మనిషికి కాలు దెబ్బ మంచిది కాదంటరు. రేపు దవాఖానకు తీస్కపోత" అన్నాడు.

"రెండు రోజులు ఆగు. సిక్కు పెడితే మళ్ళ బాపును పైకి పంపుతరు" అన్నాను.

సిక్కు పెట్టడమంటే దవాఖానలో చూపించుకుని డ్యూటీకి సెలవు రాయించుకోవడం. మా ఆయన "నీ బాపు, నీ ఇష్టం" అని కంచం ముందుకు లాక్కున్నాడు. ఆ మాట అప్పుడు నాకు గెలుపులాగ అనిపించింది.

బాపు మరుసటి రోజు కూడా డ్యూటీకి పోయాడు. ఆకు కట్టు మీద మేజోడు, మేజోడు మీద బూటు. సాయంత్రం నేను అడిగితే, "నొప్పే లేదు. నొప్పి లేదంటె మానుతున్నట్టే గద" అన్నాడు. అవ్వ తన ఆకును మెచ్చుకుంది, నేను నా కాకర రసాన్ని మెచ్చుకున్నాను. నొప్పి లేకపోవడమే జబ్బని ఆ ఇంట్లో తెలిసింది నాకొక్కదానికే. ఆ తెలిసినదాన్ని తెలియనట్టు ఉంచుకోవడానికి నేను రోజూ కొంచెం కష్టపడ్డాను.

అయిదో రోజుకో ఆరో రోజుకో వేలు కొన నల్లబడింది.

బొగ్గు పట్టణాల బయట పుట్టినవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. బాయి లోపల దెబ్బ తగిలినప్పుడు పుండులో బొగ్గు పొడి చేరుతుంది. పైన చర్మం మూసుకుంటుంది, పొడి లోపలే ఉండిపోతుంది. పచ్చబొట్టు పొడిచినట్టు నీలంగా, నల్లగా మచ్చ మిగిలిపోతుంది. మా బాపు వీపు మీద అట్లాంటివి పదకొండు. చిన్నప్పుడు నేను, మా చెల్లె వాటిని లెక్కపెట్టేవాళ్ళం. మోచేతి మీద ఒకటి చేప ఆకారంలో ఉంటుంది. మా కాలనీలో మగవాళ్ళ చొక్కాలు విప్పితే ప్రతి ఒంటి మీదా ఉంటాయవి. ఏ మచ్చ ఏ బాయిదో, ఏ సంవత్సరం దెబ్బదో చెప్పుకుంటారు. నల్లబడిందంటే మానిందని మాకు అర్థం.

బాపు వేలును అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "బొగ్గు మచ్చ" అన్నాడు.

పక్క క్వార్టర్‌లో ఉండే కాక, బాపుతో పాటు పని చేసి రిటైరైన మనిషి, చాయ్ కోసం వచ్చినవాడు వంగి చూశాడు. తన నుదుటి మీది నీలం గీత చూపించాడు.

"గిది చూడు బిడ్డా. బాయిల బొగ్గు పిల్లర్ కొట్టంగ తాకింది. అందరు మొగోళ్ళు పెండ్లిల బాసికం కట్టుకుంటె నేను బొగ్గు బొట్టుతోటి కూసున్న. మీ బాపుకు రిటైరయ్యేముందు కంపెనీ ముద్ర ఏసింది, గంతే."

"ముద్ర ఏస్తె మొఖం మీద ఎయ్యాలె గని కాలు మీదనా?" అన్నాడు బాపు.

"నీ మొఖం మీద ఏస్తె ఎవనికి కనపడ్తది, అదే నలుపాయె."

అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. నా కళ్ళ ముందే బూటులోంచి బొగ్గు పెళ్ళ పడింది. నలుపుకు కారణం మా చేతిలో ఉంది, ఇంకో కారణం వెతకాల్సిన పని లేదు.

అయినా మరునాడు బాపు నిద్రలో ఉన్నప్పుడు నేను సబ్బునీళ్ళు తెచ్చి ఆ వేలు కడిగాను. నలుపు పోలేదు. బొగ్గు మచ్చ కూడా కడిగితే పోదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. వేలును పట్టుకుంటే మిగతా వేళ్ళ కన్నా చల్లగా ఉంది. నీళ్ళ చల్లదనం అనుకున్నాను. ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. అందులో సలహాలిచ్చే పెద్దమనిషి గొంతు రికార్డు చేసి పంపాడు. శరీరం ఇన్నేళ్ళ మందుల విషాన్ని కాళ్ళ నుంచి బయటికి తోస్తున్నదట, భయపడి మధ్యలో ఆపొద్దట. నా భయాన్ని ఆయన తీర్చలేదు. దానికి ఒక మంచి పేరు పెట్టాడు, నాకు అప్పటికి అది చాలింది. ఆయన మీద ఇప్పుడు నాకు కోపం లేదు. ఆయన వేలును పట్టుకుని చూడలేదు. చూసింది నేను.

మా ఆయన మళ్ళీ ఒకసారి అడిగాడు. "తగ్గుతుంది" అన్నాను. "నల్లగైంది గద?" అన్నాడు. ఆయన వాళ్ళది కమాన్‌పూర్ దగ్గర వ్యవసాయం చేసే ఇల్లు, బాయి మనుషులు కారు. "అది బొగ్గు మచ్చ, మీకు తెల్వదు" అన్నాను.

పదమూడో రోజున నా బిడ్డ బూటు లాగనంది. తాత కాళ్ళు చాపి కూర్చున్నాడు, ఇది దర్వాజ దగ్గరే నిలబడింది.

"ఏమైందే, అలిగినవా నా మీద?"

"తాత దగ్గర ఎలుక చచ్చిన వాసనొస్తుంది" అంది నాతో.

పెద్దవాళ్ళతో అట్లా మాట్లాడొద్దని నేను దాన్ని గద్దించాను. బాపు నవ్వడానికి చూశాడు, నవ్వు రాలేదు. తన బూటు తానే విప్పుకున్నాడు. నేను అగరుబత్తి వెలిగించాను. చేసిన పనులన్నిటిలోకీ నాకు ఇప్పుడు గుర్తొచ్చి నిద్ర పట్టనివ్వనిది అదే. వాసన నాకూ తెలుస్తున్నది, దాని మీద అగరుబత్తి వెలిగించాను.

*

పదహారో రోజు పొద్దున అవ్వ పరుగెత్తుకొచ్చింది, కాళ్ళకు చెప్పులు కూడా లేవు. బాపుకు చలిజ్వరం, రెండు చెద్దర్లు కప్పినా వణుకుతున్నాడు, పిలిస్తే సగం సగం పలుకుతున్నాడు. మా ఆయన నన్ను ఏమీ అడగకుండా చొక్కా వేసుకుని ఆటో తెచ్చాడు. ఆటోలో బాపు తల నా ఒళ్ళో ఉంది. కట్టు పైన, చీలమండ దాకా, కాలు వాచి మెరుస్తున్నది.

దవాఖానలో ఉన్నది నా కాన్పు నాటి డాక్టరమ్మ కాదు, ఇంకో ఆమె, నా కన్నా నాలుగైదేళ్ళు పెద్దదేమో. కట్టు విప్పి చూసి, పాదం పైన రెండు వేళ్ళు పెట్టి చాలాసేపు నాడి వెతికింది. తర్వాత బాపు మోచేతి మీద చేప ఆకారపు మచ్చ చూసింది.

"దీన్ని బొగ్గు మచ్చ అనుకున్నరా?" అంది.

అవ్వ తల ఊపింది.

"ఇక్కడ చాలామంది అట్లనే అనుకుంటరు" అంది. తిట్టినా బాగుండేది.

షుగర్ అంకె చూసి నర్సు రెండోసారి చూసింది. డాక్టరమ్మ పుస్తకం తిరగేసింది. నెలనెలా గోలీలు ఇచ్చినట్టు రాసి ఉంది.

"గోలీలు వేసుకుంటున్నరా?"

నేను నోరు తెరిచాను. అంతకు ముందే, అప్పటిదాకా సగం స్పృహలో ఉన్న మా బాపు కళ్ళు తెరిచి, "నేనే బంద్ చేసిన మేడం. కడుపుల మంట లేస్తుందని నేనే మానుకున్న. ఇంట్లోళ్ళకు ఎరుక లేదు" అన్నాడు.

"మరి ఏం వాడిండ్లు?"

"తిండి మార్చిన. కొర్రలు, కాకర రసం."

"తిండి మంచిదే" అంది ఆమె రాసుకుంటూ. "అది తినుకుంట గోలీ వేసుకుంటే ఎవరు వద్దన్నరు? రెండింటికీ కొట్లాట మీరే పెట్టిండ్లు."

మీరే అన్నప్పుడు ఆమె బాపునే చూస్తున్నది. నేను మంచం అవతలి వైపు ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

కరీంనగర్ పెద్దాసుపత్రికి రిఫర్ రాశారు. అంబులెన్సు కోసం వరండాలో కూర్చున్నప్పుడు నేను అవ్వతో, ఆదివారం అంకెలు బాగానే ఉన్నాయి కదా, ఇంత షుగర్ ఎట్లా వచ్చింది అన్నాను. అవ్వ కొంగు అంచు చుట్టి విప్పింది.

"శనివారం రాత్రి తినకపోయేది మీ బాపు."

"ఎందుకు?"

"తెల్లారి నువ్వు వేలు గుచ్చుతవ్ గద. తక్కువ వస్తె నీ మొఖం ఎట్ల వెలుగుతదో చూడాలని. మా బిడ్డకు ఇగో గిదొక్కటి సంబురం, దాన్నెందుకు పాడు చెయ్యాలె అనేది. తక్కిన రోజులు క్యాంటీన్ల చాయ్ తాగుతనే ఉన్నడు. నీకు చెప్పొద్దని నాతోటి ఒట్టు పెట్టించుకున్నడు."

నాలుగు నెలలు నేను చూసిన అంకెలు ఒక ముసలాయన ఆకలివి. నా మిషిన్ అబద్ధం చెప్పలేదు, బాపు కూడా అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఆయన నాకు వైద్యం చేస్తున్నాడు. అవ్వ పక్కన కూర్చుని నేను ఏడవలేకపోయాను. వరండాలో అందరూ చూస్తున్నారని కాదు, ఏడిస్తే అవ్వ ఓదార్పు కూడా నేను అడిగి తీసుకున్నట్టు అవుతుందని.

*

కరీంనగర్‌లో రెండు రోజులు చూశారు. మొదట వేలు అన్నారు. తర్వాత పాదం. రెండో రోజు మధ్యాహ్నం, విషం పైకి పోతున్నది, మోకాలు కింద తీసేస్తే మనిషి దక్కుతాడు, ఆలస్యం చేస్తే చెప్పలేం అన్నారు. నరాలు చచ్చిపోవడం ఏళ్ళ నాటిదని, అది ఈ నాలుగు నెలల్లో అయింది కాదని అక్కడి సర్జన్ చెప్పాడు. పోయిన పదిహేను రోజుల మాటేమిటని నేను అడిగాను. "మొదట్లో వచ్చి ఉంటే వేలితో పోయేదేమో" అన్నాడు. ఇంకేమీ అనలేదు, ఆయనకు వేరే పేషెంట్లున్నారు.

ఒప్పుకోలు కాగితం మీద అవ్వ వేలిముద్ర వేసింది. దాని కింద నేను సంతకం పెట్టాను. డిగ్రీ హాల్ టికెట్ల మీద పెట్టిన సంతకమే, చక్కగా వచ్చింది.

లోపలికి తీసుకుపోయేముందు బాపు నన్ను పిలిచాడు. జ్వరం కొంచెం తగ్గి, మాట స్పష్టంగా ఉంది.

"భయపడకు. కాక చూడు, కాళ్ళు రెండున్నా ఇంట్లనే కూసుంటడు."

నేను ఆయన మీది చెద్దరు సర్దాను.

"పిల్లలకు బాయిల దెబ్బ తాకిందని చెప్పు. కాలనీల గూడ గదే చెప్పమన్న మీ అవ్వకు. బాయిల కాలు పోతె ఎవడు ఏమనడు. నీ పేరు రావద్దు."

"బాపూ..."

"ఊకో. నేను అడిగిన, నువ్వు చేసినవ్. వద్దంటె నేను వినకపోదునా?"

తలుపు దాకా ఆయన చెయ్యి పట్టుకుని నడిచాను. ఆ చెయ్యి వేళ్ళ కొనల్లో, ఆదివారాలు నేను సూది గుచ్చిన చోట్ల, చిన్న చిన్న చుక్కలున్నాయి.

కాలు తీసేశారు. మనిషి దక్కాడు. సాయంత్రం కళ్ళు తెరిచి ముందుగా ఎడమ పాదం దురదగా ఉందన్నాడట. అవ్వకు ఏం చెప్పాలో తెలియక, లేని పాదం ఉండే చోట చెద్దరు మీద గోకిందట. ఆ సంగతి ఫోన్లో మా ఆయన చెప్పాడు. నేను అప్పటికే బస్సులో ఉన్నాను. రెండు రోజులుగా పిల్లలు పక్కింటి పెద్దమ్మ దగ్గర ఉన్నారు, ఎవరో ఒకరు రావాలి కదా అని ఆయనే నన్ను పంపాడు. నీ బాపు, నీ ఇష్టం అన్న మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఎత్తడని నాకు తెలుసు, అందుకే ఆయన ముఖంలోకి చూడలేకపోతున్నాను.

కాలనీలో దిగేసరికి బాపు మాట నా కన్నా ముందే వచ్చి ఉంది. గల్లీ మొదట్లో నడకకు వచ్చే ఆమె ఎదురై నా చెయ్యి పట్టుకుంది. "బాయిల కప్పు పడిందట గదా అక్కా. ముప్పై ఏండ్లు ఏం కాకుంట, గిప్పుడు. దేవుడు ఎట్ల చేసిండో చూడు" అంది. నేను తల ఊపాను. ఊపడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. కాక అరుగు మీద నుంచి లేచి నిలబడి చేతులు జోడించాడు, దెబ్బ తిన్న కార్మికుడి ఇంటివాళ్ళకు ఇచ్చే మర్యాద అది. ఆయనకు అసలు సంగతి తెలుసు, ఆ వేలు చూసినవాడు. అయినా జోడించాడు. బాపు కోసమో, తన మాట కోసమో.

ఆ మాట అట్లనే ఉండిపోతే నాకు ఏ కష్టమూ లేదు. బాపు పరువు నిలుస్తుంది, నాది కూడా. పిల్లలు పెరిగి పెద్దవాళ్ళయి, మా తాత బాయిలో కాలు పోగొట్టుకున్నాడని గర్వంగా చెప్పుకుంటారు. కానీ వాసన వస్తుందని మొదట చెప్పింది నా బిడ్డ. నేను దాని నోరు మూయించాను. ఇప్పుడు ఈ కథ కూడా చెప్పి నమ్మిస్తే, తన ముక్కుకు తెలిసింది తప్పని అది ఎప్పటికీ అనుకుంటుంది. రేపు దానికి ఏదైనా తేడాగా తోస్తే ఎవరికి చెబుతుంది.

పొద్దున ఇద్దరికీ తలలు దువ్వి, పాలు ఇచ్చి, వంటింట్లో నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. పెద్దదే ముందు అడిగింది. "తాత మీద బాయి కూలిందట గదా అమ్మా? పెద్దమ్మ చెప్పింది."

నేను చెప్పాను: "లేదు బిడ్డా. తాతకు బాయిల ఏం కాలేదు. తాతకు షుగర్ అని రోగం ఉన్నది. దానికి డాక్టర్లు గోలీలిస్తె, వేసుకోవద్దని నేను చెప్పిన. కాలుకు పుండైనంక దవాఖానకు పోదామని మీ నాన్న అన్నడు, నేను ఆగుమన్న. వాసనొస్తుందని నువ్వు చెప్పినవ్, నువ్వు చెప్పింది నిజం, నేను నిన్ను గద్దించిన. అందుకని పుండు పెద్దగై, తాత బతకాలంటె డాక్టర్లు మోకాలు కింద కాలు తీసెయ్యాల్సి వచ్చింది. తాత ఇంటికొస్తడు. అడిగినోళ్ళందరికీ బాయిల దెబ్బ తాకింది అని చెప్తడు, నన్ను ఎవరు ఏమనొద్దని. మీరు తాతను కాదనకుండ్లి, బాధపడ్తడు. మీకేమన్న అడగాలనిపిస్తె నన్ను అడుగుండ్లి. ఎప్పుడడిగినా నేను ఇదే చెప్త."